పొరమబ్బు

"పొరమబ్బు," అన్నాడు పెద్దాయన, వాతావరణ కేంద్రం డాబా మీద మెడ పైకెత్తి. "మధ్య ఎత్తులో ఉండేది. ఆకాశానికి బూడిదరంగు దుప్పటి కప్పినట్టుంది. రాసుకో."

అల్లుడు కలం కదపలేదు. ఆ కేంద్రంలో అతను ఆయనకు సహాయకుడు.

"మబ్బేది మావయ్యగారూ? ఆకాశం కడిగినట్టుంటేనూ!"

"వేళాకోళమా? సూర్యుణ్ణి చూడు, గరుకుటద్దం వెనక దీపంలా లేడూ? చల్లగాలి మీదికి వెచ్చటి తడిగాలి ఎగబాకితేనే ఇలా పొర కడుతుంది. సాయంత్రానికి ముసురు పట్టుకుంటుంది."

"నాకు కళ్ళు చెదిరిపోతున్నాయి మరి." అల్లుడు అరచెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

పెద్దాయన కళ్ళు నులుముకున్నాడు. కిందికి చూశాడు.

"నా నీడేది?"

"మీ కాళ్ళ దగ్గరే ఉందిగా, నల్లగా!" అల్లుడి గొంతు సన్నబడింది. "కనబడట్లేదా?"

ఆయన వంగి గచ్చు తడిమాడు, నీడ చేతికి తగులుతుందేమోనన్నట్టు. శుక్లం మొదలైందని కంటి డాక్టరు చెప్పనే చెప్పాడు. ఇంతలోనే ఇంత ముదిరిపోతుందనుకోలేదు.

"ఎవరితోనూ అనకు," అన్నాడు నీరుగారిపోయి.

"అనను. కానీ మీ మాట నమ్ముకుని విమానాలు దిగుతాయి. రేపు ఏదైనా జరగరానిది జరిగితే? పరువుండగానే తప్పుకోండి. నేను చూసుకుంటాగా."

పెద్దాయన కిందికి వెళ్ళి పైఅధికారికి ఫోన్ చేశాడు. "నా చూపు పోతోందండీ. ఇవాళే తప్పుకుంటాను. మా అల్లుడికి అప్పజెప్పమంటారా?" అవతలాయన జాలిపడ్డాడు. దాచకుండా చెప్పినందుకు మెచ్చుకున్నాడు కూడా. సరేనన్నాడు.

తాళాలు అందుకుంటూ అల్లుడు కళ్ళొత్తుకున్నాడు. "మీరు పెట్టిన భిక్షే కదా మావయ్యగారూ ఇదంతా." ఆయనే ఎదురు ఓదార్చి, భుజం తట్టాడు.

బయటి మెట్లు కనిపిస్తూనే ఉన్నాయి. అయినా కళ్ళను నమ్మలేక, గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ పాదంతో తడుముకుంటూ దిగాడు. దారినపోయే ఒకామె జాలిగా ఆగి, చెయ్యి పట్టుకుని వీధి దాటించింది. ఆయన సిగ్గుతో తల ఎత్తలేదు.

జేబులో ఫోన్ మోగింది. కూతురు.

"నాన్నా, గొడుగు లేకుండా బయల్దేరకండి. పొరమబ్బు కమ్మేసింది, ఆరేసిన బట్టలు లోపల వేసుకోమని మీ అల్లుడుగారు ఇందాకే ఫోన్ చేశారు."