చెమ్మ గోడ

మేస్త్రీ ఉలి దెబ్బకి పడకగది గోడ పెచ్చు ఊడి పడేసరికి, గుమ్మంలో ఇంటి ఓనరు నిలబడి ఉన్నాడు. టైలరమ్మ గబగబా ఎదురెళ్ళింది. ఈ రెండు గదుల్లో నాలుగేళ్ళుగా అద్దెకుంటోంది. క్యాలెండరు కోసం మేకు కొడితే, అది తన ఒంట్లో దిగినంత గోల చేసిన మనిషి ఆయన.

"మీతో చెబుదామనే ఉన్నాను బాబాయిగారూ. మా పాపకి ఆయాసం ఈ చెమ్మవల్లేనన్నాడు డాక్టరు. గీకించి సున్నం వేయించుకుంటాను. ఖర్చు నాదే."

ఓనరు గోడకి అరచెయ్యి ఆనించి, చెయ్యి వాసన చూసుకున్నాడు.

"ఉత్త సున్నం వేస్తే ఆర్నెల్లకి మళ్ళీ మొదటికొస్తుంది. అవతల బాత్రూం పైపు కారుతోంది. ముందు అది మార్పించు."

ఆ సంగతి తెలిసీ ఇన్నేళ్ళు నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నారా అని అడగబోయి, నోరు నొక్కేసుకుంది.

"ఇటుకలతో మూసేసిన ఆ కిటికీ కూడా..."

"తెరిపించమ్మాయ్. గాలి ఆడాలి."

మేస్త్రీ ఉలి పక్కన పెట్టి మరీ ఆయన మొహంలోకి చూశాడు.

టైలరమ్మ ఎంబ్రాయిడరీ మిషను అమ్మేసింది. పైపు మార్చాక మిగిలినదాన్ని ఆచితూచి వాడింది. కిటికీకి పాత సామాన్ల కొట్లో ఊచలు దొరికాయి, వంటింటికి పొగ లాగే ఫ్యానూ అక్కడే దొరికింది. గుడ్డల నూగు పాప పక్క దగ్గరికి రాకుండా కుట్టుమిషన్ని వరండాలోకి జరిపింది. పాత దూది పరుపు, బరువు కర్టెన్లు బయట పడేసింది. అందం కోసమని ఒక్క మేకు కూడా కొనలేదు.

తర్వాతి ఆదివారం ఓనరు మళ్ళీ వచ్చి, కుర్చీ కిటికీ దగ్గరికి లాక్కున్నాడు.

"పాప రాత్రిళ్ళు లేస్తోందా?"

"రెండుసార్లు లేచింది బాబాయిగారూ."

"ఇన్‌హేలరు?"

"రోజుకొకసారి. ఇదివరకు నాలుగు."

ఆ పై ఆదివారమూ వచ్చాడు. తెల్లవారుజామున పిల్లికూతలు వినిపిస్తున్నాయా, మెట్లెక్కితే ఆగిపోతోందా అని గుచ్చి గుచ్చి అడిగాడు. సొంత బాబాయి కూడా ఇంతలా పట్టించుకోలేదు. ఇన్నాళ్ళూ ఈయన్ని పిసినారి అని తిట్టుకున్నందుకు టైలరమ్మకి సిగ్గేసింది.

"వానలు పడనీ, అప్పుడు గానీ తేలదు," అన్నాడు వెళ్తూ.

వానలు పడ్డాయి. వారం రోజులు ముసురు పట్టి వదిలిన మర్నాడు పొద్దున్నే వచ్చి, గోడంతా తడిమాడు. మూలల్లో వంగి చూశాడు. అరచెయ్యి పొడిగానే ఉంది.

పాప వరండాలో తాడాట ఆడుతోంది. నలభై దాకా లెక్కపెట్టి, ఆగకుండా మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టింది.

"ఈ నెలంతా ఆయాసం ఒక్కసారి కూడా రాలేదు బాబాయిగారూ," టీ కప్పు అందిస్తూ అంది టైలరమ్మ. "ఇంకొకరైతే గోడ మీద చెయ్యి వెయ్యనిచ్చేవారు కాదు. మీ మేలు మర్చిపోలేను."

"అయితే పూర్తిగా తగ్గినట్టేనంటావు."

"తగ్గినట్టే."

ఓనరు టీ తాగి, కప్పు కిటికీ గట్టు మీద పెట్టాడు. తృప్తిగా ఓసారి గాలి పీల్చుకున్నాడు.

"ఒకటో తారీఖుకల్లా ఖాళీ చెయ్యమ్మాయ్, మా మనవడిక్కూడా ఆయాసమే."