దివాలాకి ఎక్కువైన జీతం

"మీకు దివాలా తీసే యోగ్యత లేదండీ," అన్నాడు లాయరు నొవాక్, కాఫీ చప్పరిస్తూ. "ఒహాయోలో ఒంటి మనిషికి పెట్టిన హద్దు కంటే మీ సంపాదన ఎక్కువ."

డెలోరిస్ టేపు చుట్టిన తన బూట్ల వంక చూసుకుంది. "ఈ శుభవార్త మా ఆయన బతికుండగా చెప్పాల్సింది. సంతోషంగా పోయేవాడు."

"కోర్టు వెనకటి ఆరు నెలల ఆదాయం చూస్తుందమ్మా. మీరేమో కెచప్ ఫ్యాక్టరీలో ఆదివారాలు కూడా ఓవర్‌టైమ్ చేశారు."

"ఆయన ఆసుపత్రి బాకీ కట్టడానికే కదండీ చేసింది!"

"అదే మీరు చేసిన తప్పు. ఇంట్లో కాళ్లు చాపుకుని కూర్చునుంటే ఈపాటికి దివాలా కింద కోర్టువాళ్లు అప్పులన్నీ కొట్టేసేవాళ్లు."

"మా తమ్ముడికి కొట్టేశారు లెండి. కూర్చోవడంలో వాడి తర్వాతే ఎవరైనా. ఇప్పుడు నన్నేం చేయమంటారు?"

"ఓవర్‌టైమ్ మానేయండి. ఆరు నెలలు విశ్రాంతి తీసుకుని, కాస్త పేదగా తయారై రండి."

డెలోరిస్‌కి నవ్వొచ్చింది. విశ్రాంతి తీసుకోమని ఆమెతో ఇంతవరకూ ఎవరూ అనలేదు. అన్నది చివరికి చట్టం. తేలికపడ్డ మనసుతో కోటు తొడుక్కుని గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి తిరిగింది.

"మీ ఫీజు?"

"పదిహేను వందల డాలర్లు. మొత్తం ముందే కట్టాలి. బాకీ పెడితే మిగతా అప్పులతో పాటు అదీ కొట్టుకుపోతుంది."

"ముందే అంటే ఎక్కణ్ణుంచి తేనండీ?"

నొవాక్ కాఫీ కప్పు కింద పెట్టి, సానుభూతిగా అడిగాడు.

"ఆదివారాలు ఓవర్‌టైమ్ ఇంకా ఇస్తున్నారా?"