కళ్ల సాక్ష్యం

నోరు అబద్ధమాడినా కళ్లు ఆడవని లోకం నమ్మిక.

“అన్నంల మందు పెట్టింది నువ్వే!” శ్రీనాథ్ వదిన మీదికి వేలు చూపాడు. “బస్తా భుజానేసుకొని నడిచేటోడు మా అన్న. ఊకెనే ఎండిపోతడా?”

మిర్యాలగూడలో బియ్యం మిల్లు నడిపిన నరసింహారావు కొన్నేళ్లుగా మంచంలోనే ఉన్నాడు. చేతులు, కాళ్లు, నాలుక ఒకదాని వెంట ఒకటి పడిపోయాయి. గొంతులో అమర్చిన గొట్టం గుండా యంత్రం ఊపిరి పోస్తోంది. తెలివి మాత్రం చెక్కుచెదరలేదు.

వరండాలో మందు కక్కించే పిచ్చయ్య ఆకుపసరు చెంబుతో కూర్చున్నాడు. సూర్యాపేట కాలేజీలో జీవశాస్త్రం చెప్పే నరసింహారావు భార్య రాజేశ్వరి, వారం పాటు సాగిన పరీక్షల డ్యూటీ ముగించుకుని అప్పుడే వచ్చింది. గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

“మింగలేని మనిషి నోట్లో పసరు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. చంపుతారా ఆయన్ని?”

“నువ్వు సగం చంపనే చంపితివి!” అంది అత్త ఆండాళు. “రోగమైతే కళ్లెందుకు పోలే? చెప్పు!”

“నరాల కణంలో కాల్షియం మితిమీరితే విషమే, అత్తయ్యా. దాన్ని పట్టి ఉంచే ప్రొటీన్లుంటాయి. కాళ్లూ చేతులూ కదిలించే కణాల్లో అవి తక్కువ, కళ్లు తిప్పే కణాల్లో ఎక్కువ. అందుకే చాలామందికి కళ్లు నిలుస్తాయని అంచనా.”

“విషమని నీ నోటితోనే అన్నవ్. పాఠం ఖతం,” శ్రీనాథ్ నవ్వాడు.

“నాతో వాదమెందుకు? ఆయన్నే అడుగు. అవునంటే పైకి చూస్తారు, కాదంటే కిందికి. నేను డ్యూటీకి వెళ్లిన రోజు కూడా అలాగే చెప్పారు. ఆ కళ్లు ఏం చెబితే అదే. ఒప్పుకుంటావా?”

“ఒప్పుకుంట. మాట మీద నువ్వుంటవా?”

“ఉంటాను.”

శ్రీనాథ్ మంచం మీదికి వంగాడు. “అన్నా! వదిన నీకు మందు పెట్టిందా?”

కళ్లు పైకి కదిలాయి.

రాజేశ్వరి మంచం పక్కకు వచ్చింది. “ఏమండీ... నేనా?”

మళ్లీ పైకే.

“పిచ్చయ్యతోని కక్కించమంటవా?”

పైకే.

“ఇంక సాక్ష్యం గావాల్నా? కోదాడల మీ అమ్మగారింటికి నడువు!” శ్రీనాథ్ ఆమె బ్యాగును వాకిట్లోకి విసిరాడు. ఆమె గడప పట్టుకుంది. ఆండాళు ఒక్కో వేలూ విడదీసింది. గేటు పడింది. బయట రాజేశ్వరి అరుస్తూనే ఉంది.

పిచ్చయ్య చెంబుతో లోపలికి వచ్చాడు. హుజూర్‌నగర్ నుంచి వచ్చిన ఆడబిడ్డ నవనీత మంచం దగ్గరికి జరిగింది.

“ఇగ అన్నను సూసుకునుడు నా వంతే గద. ‘అవును’ ఎట్లుంటదో తెలిసింది. ‘కాదు’ గూడ ఒకపాలి సూడనీ.”

“జల్ది కానియ్యి,” శ్రీనాథ్ విసుక్కున్నాడు.

కాదనక తప్పని ప్రశ్న కోసం ఆమె క్షణం ఆలోచించింది.

“అన్నా, పొద్దుగాల నువ్వు లేసి మిల్లు దాంక నడిచిపోయినవా?”

నరసింహారావు పైకి చూశాడు.