కొత్త పేజీ

“ఊఁహూఁ, ఆ ఫైలు ఇప్పుడే తెరవకు. సైట్‌లోకి ఎక్కాక చూద్దువుగాని,” అంది పిన్ని.

అమ్మడికి ఒళ్ళు మండిపోయింది. అందులో ఏముందో తెరిచి చూడాలా ఏమిటి? ఈ పళ్ళ ఆసుపత్రి వెబ్‌సైట్‌లో ‘మా డాక్టరు’ అని ఒక పేజీ ఉంది. అందులో అమ్మ ఫోటో, కింద నాలుగు ముక్కలు. అమ్మ పోయినా ఆ పేజీ అలాగే ఉంది. ఇప్పుడు నాన్నని చేసుకుని అమ్మ స్థానంలోకి పిన్ని వచ్చింది, తనూ పళ్ళ డాక్టరే. వచ్చిన కొన్నాళ్ళకే కూర్చుని సరిగ్గా అదే పేరుతో కొత్త పేజీ రాసింది. అదే పేరుతో ఇంకో ఫైలు ఎక్కిందంటే పాతది తుడిచిపెట్టుకుపోతుంది. ఇల్లయింది, ఆసుపత్రి అయింది, మిగిలిన ఆ ఒక్క పేజీకి కూడా ఎసరు పెట్టింది మహాతల్లి!

రిసెప్షన్‌లో కంప్యూటర్ కొత్తది. సైట్‌కి ఫైళ్ళు పంపే ప్రోగ్రామ్ అందులో ఇంకా సెట్ చెయ్యలేదు. ఇంట్లో ఆ విద్య వచ్చింది అమ్మడికి ఒక్కదానికే. సర్వర్ అడ్రస్ కొట్టింది, యూజర్ నేమ్ కొట్టింది, పాస్‌వర్డ్‌లో మాత్రం చివరి అక్షరం కావాలనే మింగేసింది.

ఎర్రక్షరాలు వచ్చాయి.

“కనెక్ట్ అవటం లేదు.”

“ఇంకోసారి చూడమ్మా.”

ఇంకోసారి చూసింది. ఇంకోసారి మింగింది.

“ఏమిటే అమ్మడూ, పొద్దున్నుంచీ అదే పనా?” పక్కగదిలో పళ్ళ సెట్టుకి పాలిష్ పెడుతున్న నాన్న కేకేశారు. “నన్నొచ్చి కొట్టమంటావా పాస్‌వర్డ్?”

ఇంక తప్పలేదు. ఈసారి సరిగ్గా కొట్టింది. తెర రెండు సగాలైంది. ఎడమ సగంలో ఈ కంప్యూటర్‌లో ఉన్న ఫైళ్ళు, కుడి సగంలో వెబ్‌సైట్‌లో ఉన్న ఫైళ్ళు. ఎడమ నుంచి కుడికి లాగితే ఇక్కడిది అక్కడికి పోతుంది. కుడి నుంచి ఎడమకి లాగితే అక్కడిది వచ్చి ఇక్కడిదాని మీద కూర్చుంటుంది.

అమ్మడు ఓరగా చూసింది. పిన్ని మాస్కు మెడకి దింపుకుని, బళ్ళో పిల్లలా బుద్ధిగా కూర్చుంది. పన్ను పీకడం వచ్చేమోగానీ, మౌస్ ఎన్నిసార్లు నొక్కాలో తెలియని మనిషి. ఈవిడకేం అర్థమవుతుంది?

కుడి నుంచి ఎడమకి లాగింది.

‘ఇదే పేరుతో ఫైలు ఉంది. దాని స్థానంలో పెట్టాలా?’ అని అడిగింది ప్రోగ్రామ్. పెట్టమని నొక్కింది. పేషెంటుకీ పేషెంటుకీ మధ్య దొరికిన ఖాళీలో పిన్ని రెండు వేళ్ళతో కొట్టుకున్నదంతా రెప్పపాటులో హుష్‌కాకి అయిపోయింది.

“అయ్యో!” అంది అమ్మడు, తనే నమ్మేంత బాగా. “మీ ఫైలు ఎక్కలేదు. పైగా ఇక్కడున్నది కూడా పోయింది. కొత్త కంప్యూటర్ కదా, ఏదో తేడా చేసింది.”

పిన్ని తెర వంక చూసింది. అమ్మడి వంక చూసింది.

“పోతే పోయిందిలే. నువ్వు మాత్రం ఏం చేస్తావు,” అని లేచి, చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్ళింది.

అమ్మడు కుర్చీలో వెనక్కి వాలి హాయిగా ఊపిరి పీల్చుకుంది. అది పూర్తిగా వదలకముందే తలుపు తోసుకుని పళ్ళ సెట్టు తాత వచ్చాడు. రిటైరైన బస్సు డ్రైవరు, ఇప్పటికీ హారన్ కొట్టినట్టే మాట్లాడతాడు.

“ఏమ్మా, నేను చెప్పింది ఎక్కిందా?”

“ఏం చెప్పారు తాతా?”

“అదేనమ్మా, మీ అమ్మ సంగతి! నాకు సెట్టు పెట్టిన రోజు యాపిల్ చేతికిచ్చి కొరకమంది. నేను కరకరమనిపిస్తే నాకంటే ముందు తనే గంతులేసింది. మీ పిన్ని అడిగితే అదే చెప్పాను.”

“పిన్ని అడిగిందా?”

“నన్నొక్కణ్ణేనా? పాత పేషెంట్లందర్నీ కూర్చోబెట్టి అడిగింది. ‘ఆవిణ్ణి నేను చూడలేదు, మీరు చెప్పండి, రాసిపెడతాను, పేజీలో ఆ నాలుగు ముక్కలు ఏం సరిపోతాయి’ అంది. మా పక్కింటి టైలరమ్మ చెప్పిన వారానికే పోయింది, పాపం. ఆవిడ మాటలు మళ్ళీ ఎక్కడ దొరుకుతాయి? మీ అమ్మ ఫోటో కూడా పెద్దది చేసి పెడతానంది. పెట్టిందా?”

అమ్మడికి తల కొట్టేసినట్టయింది.

“చూసి చెప్తాను తాతా,” అని గబగబా కంప్యూటర్ వైపు తిరిగింది. చెత్తబుట్ట వెతికింది. ఉన్న ఫోల్డర్లన్నీ గాలించింది. ఇలా పోయిన ఫైలు చెత్తబుట్టలోకి కూడా రాదని ఆ ఇంట్లో అందరికంటే బాగా తెలిసింది తనకే. అయినా వెతికింది. అమ్మని కాపాడబోయి తన చేత్తో తనే అమ్మని చెరిపేసింది. చెవులదాకా సిగ్గు పాకింది. తాత వైపు తలెత్తి చూడలేకపోయింది.

లేచి లోపలికి వెళ్ళింది. పిన్ని ట్రేలో పరికరాలు సర్దుకుంటోంది.

“పిన్నీ... ఆ ఫైలు... కంప్యూటర్ తప్పు కాదు... నేనే...”



పిన్ని చేతులు తుడుచుకుని, కోటు జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి అమ్మడి అరచేతిలో పెట్టింది.

“ఇందులో ఇంకో కాపీ ఉంది,” అంది. “ఈసారి ఎడమ నుంచి కుడికి లాగమ్మా.”