అన్నంలోకి

ఏ ఊరి పెరటిదో గానీ, నూకలు తిని తిని విసుగెత్తిన డేగయ్య అనే పుంజు, మంచి భోజనం వెతుక్కుంటూ పెళ్ళాం బొల్లమ్మతో దారిన పడ్డాడు. మొదటి పుట్టలో చెదలు చప్పగా ఉన్నాయన్నాడు, రెండో పుట్టలో ముదురన్నాడు. మధ్యాహ్నానికి బావురుపిల్లి నడిపే పూటకూళ్ళ ఇల్లు కనిపించింది.

బొల్లమ్మకు గడప దగ్గరే అనుమానం వచ్చింది. తాలింపు ఘుమఘుమలాడుతోంది గానీ, తిని బయటికొచ్చే పిట్ట ఒక్కటీ లేదు.

"రండి అన్నయ్యా, కాళ్ళు కడుక్కోండి," అంది పిల్లి. "అన్నం వార్చాను, మసాలా నూరాను. ఇక అన్నంలోకి మీరే తక్కువ."

"విన్నావా, మనకోసమే ఆగిందట," అంటూ డేగయ్య లోపలికి అడుగేయబోయాడు.

బొల్లమ్మ అతని తోక ముక్కున కరిచి లాగింది. చుట్టాలు అన్నానికి వస్తారు. అన్నంలోకి వచ్చేది కూర కదా!

"ఏమీ అనుకోకు వదినా," అంది మెల్లగా. "మాకివాళ ఏకాదశి. అన్నం ముట్టం, అన్నంలోకీ రాము."

మలుపు తిరిగేదాకా మొగుణ్ణి పరుగెత్తించింది.

"ఏకాదశి మొన్ననే కదే అయింది?" అన్నాడు డేగయ్య రొప్పుతూ.

"అయితే అయింది లెండి. మనం బతికుంటే మళ్ళీ వస్తుంది."