ఓకే కాని గొంతు

“కట్. మళ్ళీ,” అంది ఇంద్రాణి.

భానుశ్రీ హెడ్‌ఫోన్స్ సర్దుకుని అదే వాక్యం ముప్పై ఏడోసారి చదివింది. “రేపు ఉదయం వర్షం పడవచ్చు. గొడుగు మరచిపోకండి.”

“కాలేదు.”

“ఏం కాలేదు మేడమ్? ఎక్కడ తప్పు పోయిందో చెప్పున్రి.”

“గొడుగు నోట్లో ఉంది. గొంతులో లేదు.”

అద్దం అవతల కంప్యూటర్ ముందు కూర్చున్న స్టూడియో మేనేజర్ రాజీవ్ నవ్వాడు.

ఘాజియాబాద్‌లోని ఆ రికార్డింగ్ స్టూడియోలో భానుశ్రీ ఇంటర్న్‌షిప్‌కు అది మూడో రోజు. నారాయణపేట నుంచి ఢిల్లీకి వచ్చి, వసంత్ కుంజ్ దగ్గర హాస్టల్లో ఉంటూ ఎం.ఏ. చదువుతోంది. వాళ్ళింట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషి. డబ్బింగ్ ఆర్టిస్టు కావాలని ఈ అవకాశం కోసం ఆర్నెల్లు తిరిగింది. ఈ సాయంత్రంలోగా ఒక్క వాక్యమైనా ఓకే అయితేనే ఇక్కడ ఉండనిస్తారు. ఓకే అనాల్సింది ఇంద్రాణి. ఇరవై ఏళ్ళు తెలుగు యాడ్లకు గొంతు ఇచ్చిన మనిషి.

మధ్యాహ్నానికి వర్షం వాక్యం పోయి రైలు వాక్యం వచ్చింది. రైలు పోయి బ్యాంకు వచ్చింది. ఇంద్రాణి ఆ వాక్యాలన్నీ కోపంగా ఒకసారి, ప్రేమగా ఒకసారి, ఏడుస్తూ ఒకసారి చదివించింది. ఏ టేకుకీ ఓకే అనలేదు.

“దీదీ, ఇది బాగానే ఉంది కదా?” అన్నాడు రాజీవ్.

“నీకు తెలుగెంత వచ్చు?”

“థోడా థోడా.”

“అయితే తీర్పు నాకొదిలెయ్.”

భానుశ్రీ హెడ్‌ఫోన్స్ తీసి పక్కన పెట్టింది. “మీరు ఓకే అనేదాంక నేను ఈ గదిలకెళ్ళి కదల.”

“కదలకు. ఏసీ ఆపేస్తారు.”

“ఆపుకోన్రి. మా ఇంట్ల ఏసీ లేకుండనే ఇంత పెద్దగైన.”

“నీ యాస పనికిరాదమ్మా.”

“యాసనా? పొద్దున్నుంచి వార్తల లెక్క చదివిన, మీ లెక్క చదివిన. ఇప్పుడు నా లెక్క చదువుత, వినున్రి.”

ఆమె మైకు దగ్గరకు జరిగింది. “రేపు పొద్దుగాల వాన పడేటట్టుంది. గొడుగు మర్వకు బిడ్డా.”

రాజీవ్ బొటనవేలు పైకెత్తాడు. ఇంద్రాణి తల దించుకుని కాసేపు చేతిలో కాగితం వైపే చూసింది.

“కాలేదు,” అంది.

ఆరింటికి రాజీవ్ తలుపు తీశాడు. “సారీ. ఒక్కటీ ఓకే కాలేదు. రేపటి నుంచి రావద్దు.” మొదటి రోజు భానుశ్రీ చదవకుండానే సంతకం చేసిన ఫారం తిరిగి ఆమె చేతిలో పెట్టాడు.

మెట్ల మీద వెనకాలే ఇంద్రాణి వచ్చింది. “ఏడుస్తున్నావా?”

“మీ ముంగట ఏడ్వ. ఇంకో స్టూడియోకు పోత. అక్కడ డబ్బింగ్ చెప్త.”

“పో. కానీ ఈసారి సంతకం పెట్టేముందు కాగితం మొత్తం చదువు.”

“మీ సలహాలు నాకొద్దు. దినాం ఫోన్ల యాడ్లల్ల మీ గొంతే మోగుతది. నిన్న గూడ కొత్తది వచ్చింది. దాని పక్కన నాదొక్కటి మోగితే మీకేం పోతది మేడమ్?”

ఇంద్రాణి వెనక్కి తిరిగి చూసింది. మెట్ల మీద ఇంకెవరూ లేరు.

“ఆ మోగేది నేను కాదమ్మా, నా ఓకే టేకులు విని నేర్చుకున్న మెషిన్.”