తెలుగక్కకి కుర్చీ

పిక్నిక్‌కి వచ్చి గంటయినా వినీల చెప్పులు విప్పలేదు. విప్పితే పట్టా మీద కూర్చోమంటారు. కూర్చుంటే మాట్లాడిస్తారు. మాట్లాడిస్తే ఏం చెప్పాలో తెలియదు. కొడుకు జోయెల్‌ని చంకనేసుకుని జామచెట్టు కిందే నిలబడింది.

కరకట్ట పక్కనున్న ఆ తోట నిండా నేపాలీ కుర్రాళ్లు. విజయవాడ హోటళ్లలో వంట చేసేవాళ్లు, నూడుల్స్ బళ్లవాళ్లు, అపార్ట్‌మెంట్లకి కాపలా ఉండేవాళ్లు. వాళ్ల దేశంలో కొండచరియ విరిగిపడి ఓ ఊళ్లో బడి కూలిపోయిందట. అది మళ్లీ కట్టించడానికి అందరూ కలిసి ఈ పిక్నిక్ పెట్టారు. కూపన్ కొన్నవాళ్లకి భోజనం, మిగిలింది బడికి. కూపన్ వెనక తెలుగులోనూ రాసి ఉంది.

వినీలకి కూపన్ ఇచ్చింది అస్మిత. బెంజ్ సర్కిల్ దగ్గర మోమోల బండి ఆ పిల్లదే. పోయిన వారం పిల్లాడికి మందులు కొనుక్కుని అటుగా వెళ్తుంటే ఎదురొచ్చింది. వినీల నోరు తెరిచేలోపే గలగలా ఏదేదో చెప్పి, భుజం మీద చెయ్యేసి, జోయెల్ బుగ్గ గిల్లి, కూపన్ చేతిలో పెట్టింది. అమ్మ పోయాక వినీల భుజం మీద అలా చెయ్యేసినవాళ్లు లేరు.

బడి అంటే వినీలకి భయం. పిల్లలు ఏడిపిస్తుంటే పడలేక ఏడో తరగతిలోనే మానేసింది. ఇప్పుడు జోయెల్ వంతు. అంగన్‌వాడీలో వాడి పక్కన ఎవరూ కూర్చోరు. వీధిలో ఆటకి పిలవరు. వాళ్ల నాన్న చేపల లారీ మీద కలకత్తా వెళ్తే ఎప్పుడొస్తాడో చెప్పలేం. అత్తవారు గడప తొక్కనివ్వరు. పిల్లాడికి ఒళ్లు కాలిపోతుంటే వెళ్లి తలుపు తట్టడానికి ఒక్క ఇల్లు లేదు.

ఆ ఒక్క ఇల్లు ఇక్కడ దొరుకుతుందేమోనని వచ్చింది.

వంట చేస్తున్నామె గరిటె చేత్తో పట్టుకునే వచ్చి, వినీల గడ్డం పుచ్చుకుని ఏదో అడిగింది. వినీల నవ్వింది. ఆమె మళ్లీ అడిగింది. వినీల మళ్లీ నవ్వింది. ఆమె మొహంలో నవ్వు తగ్గింది. ఈసారి హిందీలో అడిగింది.

“నాకు తెలుగొక్కటే వచ్చండి,” అంది వినీల మెల్లగా.

అస్మిత పరుగెత్తుకొచ్చింది.

“ఆ రోజే చెప్పొచ్చు కదక్కా. నేను అంతసేపు వాగుతుంటే ఊ కొట్టావు.”

“వినడానికి బాగుంది.”

“అర్థం కాకుండానే?”

“నాతో అంతసేపు ఎవరు మాట్లాడతారమ్మా?”

అస్మిత పకపకా నవ్వి ఆ సంగతి వాళ్ల భాషలో చెప్పింది. అందరూ నవ్వారు. ఆ మాటల్లో వినీలకి తెలిసింది ఒక్కటే, ‘తెలుగు’. అది ఈ పట్టా మీంచి ఆ పట్టా మీదికి పాకుతూ పోయింది.

మిలన్ అనే కుర్రాడు తోటమాలి పాకలోంచి ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, చొక్కా అంచుతో తుడిచి వేశాడు.

“కూర్చోండి మేడమ్.”

“వద్దు బాబూ, అందరితోపాటు కిందే కూర్చుంటాను.”

“అదేంటండీ, మీరు గెస్టు.”

తోట మొత్తానికి అదొక్కటే కుర్చీ. వాళ్లకి విస్తళ్లు, ఆమెకి స్టీలు కంచం, చెంచా. వాళ్లు ఒకే బిందెలో నీళ్లు ముంచుకు తాగుతుంటే ఆమెకి మూత తీయని సీసా.

“పచ్చడి కారంగా ఉంటది, తింటారా మేడమ్?” అన్నాడు మిలన్.

కంకిపాడులో పుట్టి పెరిగిన మనిషిని కారం తింటావా అని అడిగినవాడు వీడొక్కడే. వినీలకి నవ్వొచ్చింది. చెప్పుకుని నవ్వుకోడానికి పక్కన ఎవరూ లేరు.

జోయెల్ మాత్రం ఎప్పుడో చంక దిగిపోయాడు. అక్కడి పిల్లలు వాణ్ణి ఏమీ అడగలేదు. చెయ్యి పట్టుకుని లాక్కుపోయారు, అంతే. వాడు అంత గట్టిగా కేకలు పెట్టగలడని వినీలకి ఆ రోజే తెలిసింది.

భోజనాలయ్యాక అస్మిత ఫోన్ తెచ్చిచ్చింది.

“అక్కా, ఒక ఫొటో తీసిపెట్టవా? మా వాళ్లందరం పడాలి.”

వినీల కుర్చీలోంచి లేచి, వెనక్కి, ఇంకాస్త వెనక్కి జరిగింది. ఫోన్ తెర మీద పిల్లల వరసలో జోయెల్ ఎక్కడున్నాడో ఓ క్షణం ఆమెకే దొరకలేదు. పేరు పెట్టి పిలిస్తే ఆ వరస మధ్యలోంచి ఓ చెయ్యి లేచింది.

మిలన్ మైకు అందుకున్నాడు. “తెలుగువాళ్లయి ఉండి కూడా మా బడి కోసం వచ్చిన అక్కకి ఒకసారి చప్పట్లు.”

తోటంతా చప్పట్లు. వినీల అందరికీ దణ్ణం పెట్టింది. ఇంటికి రమ్మని ఒక్కరైనా అంటారేమోనని, అన్నం దగ్గర విప్పిన చెప్పులేసుకోవడం ఆలస్యం చేసింది.

“బండి దగ్గరికి వస్తుండక్కా, మోమోలు తిందువుగాని,” అంది అస్మిత.

బెంజ్ సర్కిల్లో కంకిపాడు షేర్ ఆటో ఎక్కేసరికి జోయెల్ ఒళ్లో నిద్రపోయాడు. పక్కన కూరగాయల సంచితో ఓ పెద్దావిడ.

“గాలి కొడతంది, పిల్లోడికి కొంగు కప్పు తల్లీ,” అందావిడ.

ఆ ఒక్క మాటకే వినీల నోటికి తాళం ఊడిపోయింది. పొద్దుట్నుంచి దాచుకున్న మాటలన్నీ బయటికొచ్చేశాయి. జోయెల్ జ్వరం, బెండకాయల ధర, లారీ మీది మొగుడు, వాన పడితే కారే పైకప్పు. ఆవిడ ఒక్క మాటా వదలకుండా వింది. వింటూ వింటూ పిల్లాడి కాళ్లు తన ఒళ్లోకి తీసుకుంది.

ఈమే. ఈమె గడపే.

“మీ ఇల్లు కంకిపాడులో ఎక్కడండీ?” ధైర్యం చేసి అడిగింది వినీల.

“చెబుతాలే గానీ, మీ నేపాలోళ్లలో తెలుగు ఇంత చక్కగా నేర్చుకున్నదాన్ని నిన్నే చూశానమ్మా,” అంటూ ఆవిడ, ఎన్నడూ చూడని తండ్రి మొహమే తెచ్చుకుని పుట్టిన వినీల బుగ్గ పుణికింది.